మెట్ల దగ్గర అద్దం

మొదటి రోజు

రాజమండ్రిలో అర్ధరాత్రి ఎక్కిన ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మర్నాడు సాయంత్రం నన్ను హౌరాలో దించింది. గంటన్నర ఆలస్యం. సంక్రాంతి వెళ్ళి నాలుగు రోజులే అయింది కాబట్టి సంచిలో అరిసెలున్నాయి, జంతికలున్నాయి, ఒక డబ్బా నిండా రేగు వడియాలున్నాయి. ఎవరింటికీ ఉత్త చేతులతో వెళ్ళకూడదన్నది మా అమ్మ పెట్టిన నియమం. "డబ్బిచ్చి దిగే ఇంటికి కూడానా?" అని ఫోనులో మా అమ్మాయి నవ్వింది. గది వెతికిపెట్టింది తనే. "హోటలైతే నువ్వు తలుపు వేసుకుని టీవీ చూస్తూ కూర్చుంటావు. ఇది బొమ్మలు వేసేవాళ్ళ ఇల్లమ్మా. పైన రెండు గదులు అతిథులకిస్తారు, పొద్దున్న టిఫిను పెడతారు" అంది. బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటే ఇదేనట. మా చిన్నప్పుడు అన్నవరం వెళ్తే తెలిసినవాళ్ళింట్లో దిగేవాళ్ళం. దానికి పేరు ఉండేది కాదు, బిల్లు కూడా ఉండేది కాదు.

ముప్ఫై మూడేళ్ళు నేను ప్రభుత్వ పాఠశాలల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేశాను. ఆ ఉద్యోగం ఎలాంటిదో తెలియనివాళ్ళకు చెప్పాలి. సైన్సు మేష్టారికి గుండె బొమ్మ, సోషల్ మేడంకు భారతదేశ పటం, తనిఖీ వస్తోందంటే గోడల మీద సూక్తులు, ఆగస్టు పదిహేనుకు ముగ్గులు. నా బొమ్మలు నేను తీరిక దొరికాక వేసుకుంటానని అందరికీ చెబుతూ వచ్చాను. రిటైరై పదిహేను నెలలైంది. కొని తెచ్చుకున్న కాన్వాసు మీద దుమ్ము దులపడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఈ ప్రయాణానికి అసలు కారణం అదే కావచ్చు.

టాక్సీ వద్దు, లాంచీలో రమ్మని ఇంటివాళ్ళు ముందే చెప్పారు. హౌరా స్టేషను బయటే రేవు. అక్కడ ఎక్కి అహీరిటోలాలో దిగాలి. లాంచీ హౌరా వంతెన కిందుగా వెళ్ళింది. 1943లో తెరిచిన వంతెన. నట్లూ బోల్టులూ లేకుండా అంతా రివెట్లతోనే బిగించారు. కింద నుంచి తలెత్తి చూస్తే ఆ ఇనుమంతా ఆకాశానికి అడ్డంగా గీసిన గీతల్లా ఉంది. నది మాత్రం, ఏమీ అనుకోకండి, చిన్నదనిపించింది. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు ఈ రోగం తప్పదు. ఏ ఊళ్ళో ఏ నది చూసినా మనసు ముందు వెడల్పు కొలుస్తుంది.

ఉత్తర కలకత్తాలో, శోభాబజార్ వెనుక సందులో ఆ ఇల్లు. బోర్డు లేదు. వీధి వైపు మన అరుగులాంటిది ఉంది, వాళ్ళు రొక్ అంటారు. దాని మీద నలుగురు పెద్దవాళ్ళు శాలువాలు కప్పుకుని కూర్చుని నా సూట్‌కేసును పరిశీలించారు. తలుపు తీసిన ఆవిడకు నలభై అయిదేళ్ళుంటాయి. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. "దీదీ, రండి. చేయి కలపలేను" అంది హిందీలో. ఆవిడను ఏమని పిలవాలని అడిగితే అందరూ దీదీ అంటారంది. ఆవిడకు నేను దీదీ, నాకు ఆవిడ దీదీ. ఆరు రోజులూ ఇద్దరం ఒకరినొకరు అక్కా అని పిలుచుకున్నాం.

మెట్ల దగ్గర గోడకు నిలువెత్తు పాత అద్దం ఉంది, అంచుల్లో కళాయి రాలిపోయింది. రైల్లో చెదిరిన జుట్టు దానిలో చూసుకుని సర్దుకున్నాను. అతిథుల కోసం పెట్టారు కాబోలు, మంచి ఆలోచన అనుకున్నాను.

రెండో రోజు

గదిలో ఎర్ర గచ్చు, ఎత్తైన దూలాలు, వాలుచెక్కల ఆకుపచ్చ కిటికీ తలుపులు. గోడ మీద ఏడు మేకులున్నాయి, బొమ్మ ఒక్కటీ లేదు. చిత్రకారుల ఇంట్లో ఖాళీ గోడ ఏమిటని అడగబోయి మానేశాను.

టిఫిను కింద మండువాలో. వంట దాదాది, అంటే దీదీ భర్తది. నాటకాలకు రంగస్థలం కట్టడం ఆయన వృత్తి. దసరా ముందు నాలుగు నెలలు దుర్గాపూజ పందిళ్ళ పని, మిగతా రోజుల్లో మా వంటి వాళ్ళకు కొచూరీలు వేయించడం. పచ్చి బఠాణీలు రుబ్బి ఇంగువతో వేయించి ఆ ముద్దను పూరీలో కూరుతారు. చలికాలంలోనే దొరికే వంటకం. పక్కన ఆలూ దమ్. మూడు తిన్నాను. నాలుగోది పళ్ళెంలో పడబోతుండగా దీదీ వచ్చి, "తొమ్మిదయింది" అంది. దాదా ఒక్క నిమిషంలో బల్ల ఖాళీ చేశాడు. తడిగుడ్డతో తుడిచాడు, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచాడు, దాని మీద తెల్లని మందపాటి కాగితాలు పరిచాడు. నీళ్ళ తొట్టెలో నానబెట్టి, అద్దుడు కాగితాల మధ్య పైతడి మాత్రం అద్దేసిన కాగితాలవి. తొమ్మిది తర్వాత ఆ బల్ల అతిథులది కాదు.

మండువా పక్క గదిలో ప్రెస్ ఉంది. చెరకు రసం బండి చూశారు కదా, ఆ గానుగే అనుకోండి. రెండు ఇనుప రోలర్లు, వాటి మధ్య జరిగే ఇనుప పలక, పక్కన పెద్ద చక్రం. చెరకు గడ బదులు సిరా పూసిన జింకు రేకు, దాని మీద తడి కాగితం, ఆ పైన ఉన్ని దుప్పట్లు వెళ్తాయి. ఈ పనిని ఎచింగ్ అంటారు. ఇలా అచ్చు తీసే బొమ్మలన్నిటినీ బెంగాలీలు ఛాపాయ్ ఛొబి అంటారు, అచ్చు బొమ్మ అని. రేకు మీద మైనం, తారు కలిసిన పూత వేసి దాని మీద సూదితో గీస్తే గీసినచోట లోహం బయటపడుతుంది. యాసిడ్‌లో ముంచితే అక్కడ మాత్రమే తింటుంది. తర్వాత పూత కడిగేసి, తిన్న గుంటల్లోకి సిరా దట్టించి, పైపైన అంతా తుడిచేస్తారు. ప్రెస్ ఒత్తిడికి తడి కాగితం ఆ గుంటల్లోకి దిగి సిరా పైకి తెచ్చుకుంటుంది. ఇదంతా పుస్తకంలో చదివి పిల్లలకు బోర్డు మీద రాసిపెట్టినదాన్నే. కళ్ళతో చూడటం అరవై ఒకటో ఏట.

పైన ఉండే అత్తగారిని అందరూ మాశీమా అంటారు. ఎనభై దాటాయి. రేగు వడియాల డబ్బా ఆవిడ చేతిలో పెట్టాను. మూత తీసి వాసన చూసింది. "కుల్?" అంది. రేగుపండ్లే అన్నాను. గబుక్కున మూత పెట్టి, పూజగదిలో పై అరలో పెట్టి వచ్చింది. నేనేదో తప్పు చేశాననుకుని తల కొట్టేసినట్టయింది. తర్వాత దీదీ నవ్వుతూ విడమరిచింది: సరస్వతీ పూజ అయ్యేదాకా ఇక్కడ రేగుపండ్లు ముట్టుకోరు, ముట్టుకుంటే పరీక్ష తప్పుతారట. మాఘ శుద్ధ పంచమి ఇంకా రాలేదు. మేము భోగి నాడు అవే పండ్లు పిల్లల నెత్తి మీద పోస్తామని చెప్పాను. అది విని మాశీమా చాలాసేపు నా వైపు జాలిగా చూసింది. ఆవిడకు ఈ వయసులో ఏ పరీక్ష ఉందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మధ్యాహ్నం కుమార్‌టులీకి నడిచి వెళ్ళాను, పదిహేను నిమిషాల దూరం. జనవరి కాబట్టి సందు సందంతా సరస్వతులే. వెదురు చట్రానికి గడ్డి కట్టి శరీరం చేస్తారు. దాని మీద ముందు జిగట మట్టి, ఆ పైన సన్న ఇసుక మట్టి. ముఖాలు అచ్చుల్లో తీసి ఎండబెట్టి తర్వాత మెడ మీద అతికిస్తారు. ఒక పాకలో తలల్లేని సరస్వతులు ఇరవై మంది వరుసగా నిలబడి ఉన్నారు, వీణ పట్టుకోవడానికి వేళ్ళు మాత్రం సిద్ధంగా ఉన్నాయి. ఆ వేళ్ళు చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. బొమ్మలో చేతివేళ్ళు ఎంత కష్టమో డ్రాయింగ్ టీచరుకు చెప్పనక్కర్లేదు. మా పిల్లలు మనుషుల చేతులు ఎప్పుడూ వెనక్కి కట్టి గీసేవారు. ఇక్కడ ఇరవై ఏళ్ళ కుర్రవాడు టీ తాగుతూ, అరచేతిలో మట్టి పుల్ల దొర్లించి, గోరు ఆనవాలు గిచ్చి, పక్కన పడేస్తున్నాడు. నిమిషానికొక వేలు.

ఆ సందు చివర సర్క్యులర్ రైలు పట్టాలు దాటితే నది. మెట్ల మీద కూర్చుని మట్టి కప్పులో టీ తాగాను. కప్పు పారేయబుద్ధి కాక గదికి తెచ్చుకున్నాను.

మూడో రోజు

ఇవాళ యాసిడ్ రోజు. మండువాలో బట్టలు ఆరేయకూడదు, కిటికీలన్నీ తెరిచి ఉంచాలి, పన్నెండు నుంచి మూడు వరకు అతిథులు బయట ఉంటే మంచిదని మెట్ల దగ్గర కాగితం అంటించారు. హోటలైతే ఇలాంటి కాగితానికి గొడవలైపోయేవి. నాకు మాత్రం ముచ్చటేసింది. వాళ్ళ పని కోసం మనం సర్దుకోవడమే గాని, మన కోసం వాళ్ళ పని ఆగదు.

రవీంద్ర సరణి పట్టుకుని దక్షిణంగా నడిచాను. పాతవాళ్ళు దీన్ని ఇప్పటికీ చిత్‌పూర్ రోడ్డు అంటారు. ట్రామ్ ఎక్కుదామని కాసేపు నిలబడ్డాను. ఈ దారిలో అది మానేసి చాలా ఏళ్ళయిందని ఒక పాన్ దుకాణదారు చెప్పాడు. 1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటుకు మారిన బళ్ళు ఇప్పుడు ఊళ్ళో వెతుక్కుంటే గాని కనబడవు.

19వ శతాబ్దంలో ఈ చుట్టుపక్కలే బట్‌తలా అచ్చుకూటాలు ఉండేవి. పంచాంగాలు, పురాణాలు, ప్రహసనాలు చౌక కాగితం మీద వేసి, మధ్యలో కొయ్య మీద చెక్కిన బొమ్మలు అచ్చుగుద్ది అమ్మేవారు. చదువుకున్నవాళ్ళు ముక్కు మూసుకునేవారు, జనం మాత్రం కొనేవారు. ఆ కొయ్యచెక్కుడు పూర్తిగా పోలేదు. నూతన్ బజార్‌లో సందేశ్ మిఠాయి అచ్చులమ్మే దుకాణాలున్నాయి. చేప, శంఖం, సీతాకోకచిలుక, తామర, చెక్కలోకి లోతుగా చెక్కి ఉంటాయి. పాలకోవా ముద్దలాంటిది అందులో నొక్కి తీస్తే బొమ్మ పైకి లేస్తుంది. ఒక అచ్చు మీద బెంగాలీ అక్షరాలున్నాయి, అన్నీ ఎడమ కుడి తారుమారుగా. నా పక్కన నిలబడ్డ కాలేజీ పిల్ల అది తప్పు చెక్కారనుకుంది. "కాదమ్మా, అచ్చులో అక్షరం తిరగేసి ఉంటేనే మిఠాయి మీద తిన్నగా పడుతుంది" అని పెద్దరికంగా చెప్పాను. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళ దగ్గర వేసవి సెలవుల్లో పది రోజులు కూర్చున్నదాన్ని, ఈ సంగతి నాకు కొత్తా! ఈ మాట గుర్తుపెట్టుకోండి.

చేప అచ్చు ఒకటి కొన్నాను. ఆ పక్క వీధిలోనే ఈత బెల్లం సందేశ్ తిన్నాను. ఈత కల్లు మనకు తెలుసు. ఈ జాతి చెట్టు తీపి నీరును పులవనివ్వకుండా కాచి వీళ్ళు నొలెన్ గుడ్ చేస్తారు. పొగ వాసన, పాకం వాసన కలిసి ఉంటుంది. చలికాలం దాటితే దొరకదు. మన వైపు ఈత చెట్లను తలుచుకుని నాకు కొంచెం కోపం వచ్చింది.

జొరాసాంకో ఠాకూర్‌బాడీ చేరేసరికి రెండయింది. రవీంద్రుడు 1861లో పుట్టినదీ 1941లో కన్నుమూసినదీ ఈ ఇంట్లోనే. ఇప్పుడు రవీంద్రభారతి విశ్వవిద్యాలయం, మ్యూజియం. మన మదనపల్లెలో 1919లో జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి అనువదించారని గైడుకు చెప్పాను. ఆయన చాలా మర్యాదగా తల ఊపాడు. ప్రతి రాష్ట్రంవాళ్ళూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు కాబోలు. నన్ను ఆకట్టుకున్నది రవీంద్రుడి గది కాదు, ఆయన చిన్నాన్నగారి మనవడు, చిత్రకారుడు గగనేంద్రనాథ్ సంగతి. ఆయన ఇంట్లోనే లితో ప్రెస్, అంటే రాతి పలక మీద గీసి అచ్చు తీసే యంత్రం, పెట్టించుకుని, బెంగాలీ బాబుల మీద వ్యంగ్య చిత్రాలు గీసి అచ్చువేశాడు. ఇంట్లో ప్రెస్ అనేది మా దీదీతో మొదలైన పిచ్చి కాదన్నమాట.

తిరిగి వచ్చేసరికి నాలుగు. యాసిడ్ వాసన ఇంకా గాలిలో ఉంది, గొంతులో పట్టుకుంటుంది. దీదీ మాస్కు, రబ్బరు తొడుగులతో తొట్టె మీదికి వంగి, పక్షి ఈకతో రేకు మీద పుట్టే బుడగలను నెమ్మదిగా తోస్తోంది. బుడగ నిలిచిపోతే అక్కడ లోహం సరిగా తినదట. అంత మొరటు యాసిడ్‌కు అంత మెత్తని ఈక.

చీకటి పడ్డాక చేతులు కడుక్కుంటూ, "మీది ఆంధ్రా కదా, కృష్ణారెడ్డి మీ వాడే" అంది. ఏ కృష్ణారెడ్డి? మా వైపు వీధికి నలుగురుంటారు. ఆవిడ తుడుచుకోవడం ఆపి చూసింది. చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, పారిస్ వెళ్ళి ప్రపంచానికి అచ్చు పని నేర్పిన మనిషి. ఒకే రేకు మీద పలచని సిరా, చిక్కని సిరా, మెత్తని రోలరు, గట్టి రోలరు వాడి, ఒకేసారి ప్రెస్‌లోకి పంపి అన్ని రంగులూ తీసే పద్ధతిని కనిపెట్టినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. 2018లో న్యూయార్క్‌లో పోయారు. తాము చదువుకునే రోజుల్లో ఆయన బొమ్మ ఒకటి ఫోటోలో చూసి వారం రోజులు ఏమీ గీయలేకపోయానని ఆవిడ చెప్పింది. ముప్ఫై మూడేళ్ళు డ్రాయింగ్ టీచరుగా ఉండి నేను పిల్లలకు దామెర్ల రామారావు గురించి చెప్పాను. ఆయన గ్యాలరీ మా ఊళ్ళోనే ఉంది కాబట్టి అందరినీ తీసుకెళ్ళాను కూడా. కృష్ణారెడ్డి పేరు మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. నాకు తెలియదు మరి. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

నాలుగో రోజు

పర్యాటకురాలిగా చేయవలసినవన్నీ ఇవాళ చేసేశాను. మెట్రో ఎక్కి మైదాన్‌లో దిగి విక్టోరియా మెమోరియల్ చూశాను. పాలరాయి, జనం, సెల్ఫీలు. లోపల ఇంగ్లీషు చిత్రకారులు డేనియల్స్ వేసిన చిత్రాల దగ్గర మాత్రం నిలబడ్డాను. 1786 నుంచి 88 వరకు థామస్ డేనియల్ ఈ ఊళ్ళోనే ఉండి పన్నెండు కలకత్తా దృశ్యాలను ఎచింగ్ చేసి అచ్చువేశాడు. వారం క్రితమైతే ఆ పేరు చదివి పక్కకు జరిగేదాన్ని. ఇప్పుడు ఆ ఎండలో యాసిడ్ ఎలా కలిపాడో, బుడగలు దేనితో తోశాడో అని ఆలోచిస్తున్నాను.

కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌కూ వెళ్ళాను. పైకప్పు ఎత్తు, మాటల హోరు, తలపాగా పెట్టుకున్న సర్వర్లు అన్నీ బాగున్నాయి. కాఫీ గురించి మాట్లాడను. నేను రాజమండ్రి దాన్ని, డికాక్షన్ విషయంలో నాకు పట్టుదలలున్నాయి.

రాత్రి దాదా చేపల పులుసు చేశాడు. పులస సంగతి వచ్చింది. సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కే పులస, వాళ్ళ ఇలిష్ ఒకటే చేప. ఆ మాట చెప్పగానే మాశీమా, పద్మా నది ఇలిష్‌కు సాటి లేదంది. గోదావరి నీరు తాగిన పులసకు సాటి లేదన్నాను. మధ్యలో దాదా హిందీకి, బెంగాలీకి అటూ ఇటూ అనువదిస్తూ కొన్ని మాటలు మింగేశాడని నాకు అనుమానం.

భోజనాలయ్యాక దీదీ పొడుగాటి లెక్కల పుస్తకం ముందేసుకుంది. ఎడమ పేజీలో అతిథుల పేర్లు, రాత్రులు. కుడి పేజీలో జింకు రేకు, నైట్రిక్ యాసిడ్, సిరా డబ్బాలు, కాగితం, ఉన్ని దుప్పటి. నా పేరు ఎదురుగా అయిదు రాత్రులు. వేలు పెట్టి చూపించింది: రెండు రాత్రులు రేకుకు, ఒకటి కాగితానికి, ఒకటి యాసిడ్‌కూ సిరాకూ కలిపి, మిగిలిన ఒకటి ఇంటికి. బొమ్మలు అమ్ముడుపోవా అని అడిగాను. "పోతాయి. కాని అచ్చు బొమ్మ అంటే జిరాక్సు అనుకుంటారు. ఒక్కటే ఉంటే ఎక్కువ ఇస్తాం, పదిహేను ఉన్నాయి కదా అంటారు." ప్రతి కాగితానికీ కొత్తగా సిరా దట్టించాలి, తుడవాలి, చక్రం తిప్పాలి. గంటకు ఒకటో రెండో వస్తాయి. అందుకే కింద పెన్సిల్‌తో మూడు బై పదిహేను, నాలుగు బై పదిహేను అని అంకె వేసి సంతకం పెడతారు. పదిహేను అయ్యాక రేకు మీద అడ్డగీత గీసేస్తారు, ఇక అచ్చు తీయడానికి వీల్లేకుండా. నా గదిలోని ఏడు మేకుల బొమ్మలు డిసెంబరులో ఒక ప్రదర్శనకు వెళ్ళాయి. మూడు అమ్ముడుపోయాయి, నాలుగు తిరుగు దారిలో ఉన్నాయి.

"ముందు తీరిక చేసుకుని పని చేద్దామనుకున్నాను. పదేళ్ళు పోయాయి. తర్వాత గదులు అద్దెకిచ్చాం" అంది, పుస్తకం మూస్తూ. నా కాన్వాసు సంగతి ఆవిడకు నేనేమీ చెప్పలేదు.

అయిదో రోజు

దక్షిణేశ్వర్ వెళ్ళవలసిన రోజు. వెళ్ళలేదు. టిఫిను పళ్ళెం తీస్తూనే, "నాకొక రేకు ఇస్తారా" అని అడిగాను. ఇక్కడికొచ్చిన అతిథులు చాలామంది అడుగుతారట. అరచేయి కంటే కొంచెం పెద్ద జింకు ముక్క ఇచ్చింది. మొదటిసారికి యాసిడ్ వద్దు, డ్రైపాయింట్ చేయమంది. అంటే పూత లేదు, ముంచడం లేదు. ఉక్కు సూదితో లోహాన్నే గీరడం. గీత పక్కన లోహం పొట్టులా లేస్తుంది, అది సిరాను పట్టుకుని గీతకు వెల్వెట్ లాంటి మెత్తదనం ఇస్తుంది.

గోదావరి గట్టు, పడవ, వెనుక హేవలాక్ వంతెన. ఈ బొమ్మ నేను కళ్ళు మూసుకుని వేయగలను. ముందు కాగితం మీద వేశాను. రేకు మీదికి ఎక్కించబోతుంటే దీదీ నన్ను కాగితంతో సహా మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి, అద్దానికి ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టింది. "అద్దంలో చూసి గీయండి. రేకు మీద తిరగేసి పడుతుంది, కాగితం మీద తిన్నగా వస్తుంది." ఆ అద్దం అతిథుల జుట్టు కోసం పెట్టింది కాదు. అయిదు రోజులుగా నేను దీదీ పనిముట్టు ముందు నిలబడి జడ వేసుకుంటున్నాను.

సూది చేతిలో మొదట పెన్సిలులా పట్టుకున్నాను. జారిపోయింది. జింకు మెత్తని లోహం అంటారు గాని, వంపు తిరిగేచోట సూది మొరాయిస్తుంది. వంతెన కమ్మీలు తిన్నటి గీతలు కాబట్టి లొంగాయి. పడవ అంచు నాలుగుసార్లు తప్పింది. రబ్బరుతో చెరపడం ఉండదు. తప్పు గీత కూడా బొమ్మలోకి రావలసిందే. ఒక తప్పు గీతను తెడ్డు చేశాను, ఇంకొక దాన్ని కొంగ చేశాను. మధ్యాహ్నం భోజనానికి పిలిచారు, వెళ్ళలేదు. మాశీమా మరమరాల గిన్నె పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. రెండో గదిలో దిగిన ఫ్రెంచి కుర్రవాడు మెట్లెక్కుతూ నన్ను దాటడానికి కష్టపడ్డాడు. చీర కొంగు ఎప్పుడో సిరాకు తగిలింది, ఇంటికొచ్చాక ఉతికినా పోలేదు.

నాలుగున్నరకు అయింది. చివరికి కింద బొమ్మ పేరు కూడా రాసి, రేకును దీదీ చేతికిచ్చాను. వేళ్ళు వంగడం లేదు. చివరిసారి ఇలా వంగనిది ఎప్పుడో గుర్తు చేసుకుంటే, ఎన్నికల ముందు మూడు గదుల గోడలు రాయించిన రోజు.

ఆరో రోజు

రైలు రాత్రి. పొద్దున్న బల్ల ఖాళీ చేయడంలో నేనూ చేయి వేశాను.

సిరా పూయడం దాదా నేర్పాడు. అట్టముక్కతో గీతల్లోకి దట్టించి, జల్లెడ బట్ట ఉండ చేసి గుండ్రంగా తుడవాలి, చివర్లో అరచేత్తో. ఎక్కువ తుడిస్తే గీతల్లో సిరా పోతుంది, తక్కువైతే ఆకాశం మురికిగా వస్తుంది. చక్రం దీదీ నన్నే తిప్పమంది. నిజంగానే చెరకు గానుగ తిప్పినంత బలం కావాలి. దుప్పట్లు ఎత్తి, కాగితం మూల పట్టుకుని నెమ్మదిగా లేపాను.

వంతెన వచ్చింది, పడవ వచ్చింది, కొంగ కూడా కొంగలాగే వచ్చింది. గోదావరి మీద నేను అనుకోని పలచని నలుపు పరుచుకుంది, పొద్దున్న మంచులా. దీదీ చప్పట్లు కొట్టింది. దాదా దూరంగా పట్టుకుని చూసి తల ఊపాడు. నేను చూస్తున్నది బొమ్మ కింది అక్షరాలను. తలకట్లు కుడి నుంచి ఎడమకు పాకుతున్నాయి. గుడులు వెనక్కి తిరిగి ఉన్నాయి. "రాజమండ్రి గోదావరి" అని చార్టు కింద రాసినట్టు, ముప్ఫై మూడేళ్ళ అలవాటుకొద్దీ ఎడమ నుంచి కుడికి చక్కగా రాసేశాను. బొమ్మంతా అద్దంలో చూసి గీసి, పేరు దగ్గరికొచ్చేసరికి అద్దం వైపు చూడనే లేదు. నూతన్ బజార్ కాలేజీ పిల్ల గుర్తొచ్చింది.

వాళ్ళిద్దరికీ తెలుగు రాదు. "మీ లిపి ఎంత గుండ్రంగా ఉందో" అని దీదీ మురిసిపోతోంది. నేను నోరు మెదపలేదు. రెండో కాపీ కూడా తీశాం. ఒకటి నాకు, ఒకటి ఇంటికి అని లెక్క. దాదా దాన్ని మెట్ల ఎదురు గోడకు కొట్టాడు. అతిథుల అచ్చులన్నీ ఆ గోడకే ఉన్నాయట. వెలుతురు తక్కువ, మెట్లెక్కే తొందర, ఇన్ని రోజులూ నేను గమనించనే లేదు.

సాయంత్రం సూట్‌కేసు దించి, అలవాటుగా అద్దం ముందు నిలబడి జుట్టు సర్దుకున్నాను. నా భుజం వెనుక, అద్దంలో, చిన్న నల్లని అక్షరాల్లో "రాజమండ్రి గోదావరి". తిన్నగా, స్పష్టంగా. నవ్వు ఆపుకోలేకపోయాను. దీదీ పరుగున వచ్చింది. ఇక చెప్పక తప్పలేదు.

ఆవిడ కూడా నవ్వి, ఉన్నట్టుండి ఆగి, వెనక్కి తిరిగి గోడ వైపు చూసింది. కొరియా, అరబ్బీ, మలయాళం, ఇంకా ఏవేవో లిపులు. "అయితే ఇవన్నీ?" అంది. ఇద్దరం అద్దంలోకీ గోడ మీదికీ మార్చి మార్చి చూశాం. ఏది తిన్నగా ఉందో, ఏది తిరగబడిందో చెప్పడానికి ఇద్దరిలో ఎవరికీ ఆ చదువు లేదు. కింది వరుసలో ఒక కన్నడ పేరు ఉంది. కన్నడ మన అక్షరాలకు దగ్గర కాబట్టి అది మాత్రం నేను చదవగలిగాను. గోడ మీదే తిన్నగా ఉంది, ఒక్క ఒత్తు కూడా తారుమారు కాలేదు.

ఎవరిదని అడిగాను. తల్లిదండ్రులతో వచ్చిన పిల్లవాడిదట, పదకొండేళ్ళు.